టీబీని దాచుకునేవాళ్లు అమాయకులు కారు

టీబీ మీద ఏ సభకు వెళ్లినా, ఏ వ్యాసం తెరిచినా ఒక మాట ఎదురుపడి తీరుతుంది: "ప్రజల్లో అవగాహన లేకపోవడమే అసలు సమస్య." ఈ మాటని నిరూపించమని ఎవరూ ఎవరినీ అడగరు. వినగానే అందరూ తలలూపుతారు. జనానికి తెలియదు కాబట్టి భయపడతారు, భయపడతారు కాబట్టి దాచుకుంటారు, దాచుకుంటారు కాబట్టి జబ్బు పాకుతుంది, అందుకని తెలియజెప్తే సరిపోతుంది అని వరస. పోస్టర్లు, ర్యాలీలు, ఏటా మార్చి 24న టీబీ దినం ప్రసంగాలు అన్నీ ఈ వరస మీదే నడుస్తున్నాయి.

ఇందులో మొదటి మెట్టే తప్పని నా వాదన. టీబీ వచ్చిన మనిషి చాలాసార్లు అన్నీ తెలిసే దాచుకుంటారు. బయటపడితే ఏం పోతుందో, దాస్తే ఏం మిగులుతుందో లెక్కేసుకునే ఆ పని చేస్తారు. ఆ లెక్క తరచుగా కరెక్టే అవుతుంది కూడా. అలాంటప్పుడు "భయపడకండి, ధైర్యంగా చెప్పండి" అని మైకులో అరిస్తే వాళ్లకి ఒరిగేదేమిటి?

నాకీ సంగతి మా పెద్దమ్మ కూతురికి టీబీ వచ్చినప్పుడు అర్థమైంది. ఆవిడ బాగా చదువుకున్న మనిషి. జబ్బు ఎలా వస్తుందో, ఎన్ని నెలలు మందులు వాడాలో, మధ్యలో ఆపేస్తే ఏమవుతుందో నాకు ఆవిడే వివరంగా చెప్పింది. అదే మనిషి ఆఫీసులో ఎలర్జీ దగ్గు అంది. అత్తగారింట్లో రక్తం తక్కువుందట అంది. మాత్రల స్ట్రిప్పు ఎవరైనా చూస్తే పేరు చదివేస్తారని, పాత విటమిన్ల డబ్బా ఒకటి ఖాళీ చేసి, మాత్రలన్నీ ఊడదీసి అందులో పోసుకునేది. ఆ మందులకి తేమ తగలకూడదు. అది కూడా ఆవిడకి తెలుసు. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ అని ఒకటుంటుంది, అది వేసుకుంటే మూత్రం నారింజ రంగులో వస్తుంది. ఇంట్లో అందరూ వాడే బాత్రూం. ఒకటికి రెండుసార్లు నీళ్లు పోసి, తలుపు దాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకునేది. జబ్బు కంటే ఈ కాపలాకే ఎక్కువ అలిసిపోయింది.

"ఒక్కసారి చెప్పేస్తే ఈ టెన్షన్ ఉండదు కదా అక్కా" అన్నాను.

"చెప్తే నాకేం వస్తుందో నువ్వు చెప్పు ముందు. ఏం పోతుందో నేను చెప్తా" అంది.

పోయేవాటి జాబితా ఆవిడ దగ్గర రెడీగా ఉంది. రాబోయే ప్రమోషన్, వంటింట్లో తన చోటు, పాపని దగ్గర పడుకోబెట్టుకోవడం, ఇంకా పెళ్లి కావాల్సిన చెల్లెలి సంబంధాలు. వచ్చేవాటి వైపు నాకు "మనసు తేలికవుతుంది" అన్నది ఒక్కటే తోచింది. ఆ జాబితా పక్కన పెడితే అది మాట్లాడదగ్గ విషయంలా కనిపించలేదు.

అసలు తెలియనితనం లేనే లేదని అనను. టీబీ అనగానే ఇంట్లో మొదట వేరుపడేది కంచం, గ్లాసు. కంచానికీ ఈ జబ్బుకీ సంబంధం లేదు. 1950ల చివర్లో బాల్టిమోర్‌లో రిచర్డ్ రైలీ, ఆయన సహచరులు ఒక ప్రయోగం చేశారు. టీబీ వార్డులోంచి బయటికి పోయే గాలిని గొట్టాల్లోంచి పంపి, పై అంతస్తులో బోనుల్లో ఉన్న గినీ పందులకి పీల్పించారు. ఆ జంతువులు రోగుల ముఖం చూడలేదు, వాళ్ల కంచాలూ దుప్పట్లూ ముట్టలేదు. వాటికి అందింది ఒక్క గాలే. నెలల తరబడి గమనిస్తే వాటికి ఒకదాని తర్వాత ఒకదానికి టీబీ సోకింది. దీనితోపాటు మరో సంగతీ తేలింది. సరైన మందులు మొదలుపెట్టిన రోగుల గాలి నుంచి దాదాపు ఏదీ అంటుకోలేదు. అంటే, కంచం వేరుపెట్టి చలిగాలి వస్తోందని కిటికీలు మూసుకునే ఇల్లు పూర్తిగా తలకిందులుగా జాగ్రత్త పడుతోందన్నమాట.

ఇది తెలియజెప్పాల్సిందే. కాకపోతే ఇది తెలిశాక కంచం మళ్లీ కలుస్తుందని మాత్రం నేను నమ్మను. దక్షిణాఫ్రికాలో ఆస్పత్రి సిబ్బంది మీద జరిగిన పరిశీలనల్లో, టీబీ గురించి అందరికంటే బాగా తెలిసిన నర్సులు, వార్డు సిబ్బంది కూడా తమ ఆస్పత్రిలోనే పరీక్ష చేయించుకోవడానికి వెనకాడినట్టు కనిపిస్తుంది. తోటివాళ్లకి తెలిసిపోతుందనే భయమే కారణం. వాళ్లకి పోస్టరు చూపించి ఏం చెప్తాం? ఆ పోస్టరు గోడకి అంటించేది వాళ్లే.

చరిత్రలోకి వెళ్తే ఇంకో చిత్రం కనిపిస్తుంది. ఈ జబ్బు గురించి మనిషికి తెలిసింది పెరిగినకొద్దీ రోగిని దూరం పెట్టడం కూడా పెరిగింది.

ఇంగ్లీషు కవి జాన్ కీట్స్ 1821 ఫిబ్రవరిలో, ఇరవై అయిదేళ్ల వయసులో, రోమ్‌లో ఒక అద్దె ఇంట్లో క్షయతో చనిపోయాడు. ఆయన స్వయంగా వైద్యం చదువుకున్నవాడు. క్షయతో పోయిన తమ్ముడికి దగ్గరుండి సేవ చేసినవాడు. ఆ రోజుల్లో ఇంగ్లాండులో క్షయ అంటువ్యాధి అనుకునేవాళ్లు కాదు. వంశంలో వస్తుందని, సున్నితమైన మనుషులకి వస్తుందని అనుకునేవారు. రోగి పక్కన కూర్చోడానికి ఎవరూ జంకేవారు కాదు. ఇటలీ, స్పెయిన్ సంగతి వేరు. అక్కడ అది అంటుకుంటుందని చట్టాలే చెప్పేవి. క్షయతో మనిషి పోతే గదిలో సామానంతా కాల్చేయాలి, గోడలు గీకేయాలి. ఆ ఖర్చు ఎవరిది? కీట్స్ పక్కనే ఉండి చూసుకున్న స్నేహితుడు జోసెఫ్ సెవర్న్ ఉత్తరాల్లో ఈ దిగులు కనిపిస్తుంది. ఇంటి యజమానురాలు విషయం పోలీసుల చెవిన వేసింది, మంచాలూ సామానూ కాల్చాక ఆ డబ్బంతా తన నెత్తిన పడుతుందని ఆయన బెంగ. పక్కగదిలో స్నేహితుడు చచ్చిపోతున్నాడు, ఈయన సామాను బిల్లు గురించి ఆలోచించాల్సి వచ్చింది. కీట్స్ పోయాక నిజంగానే సామాను కాల్చేశారు. ఆ తర్వాత 1838లో మయోర్కా దీవిలో సంగీతకారుడు షొపాన్‌కి క్షయ ఉందని తెలియగానే అద్దెకిచ్చినవాడు ఇల్లు ఖాళీ చేయించాడు.

సైన్సు దృష్టితో చూస్తే రోమ్ వాళ్లదే కరెక్టు, లండన్ వాళ్లది తప్పు. అయినా రోగిని బతికినన్నాళ్లూ మనిషిగా చూసినది తప్పు చెప్పిన ఊరే.

1882 మార్చి 24న బెర్లిన్‌లో రాబర్ట్ కాక్ ఈ జబ్బుకి కారణమైన బాక్టీరియాని చూపించాడు. వైద్యచరిత్రలో గొప్ప రోజుల్లో అదొకటి, అనుమానం లేదు. కానీ మందు రావడానికి ఇంకా అరవై ఏళ్లకు పైనే పట్టింది. ఈ మధ్యకాలంలో జనానికి అందినది జ్ఞానం ఒక్కటే, వైద్యం కాదు. "ఇది అంటుకుంటుంది" అన్న అవగాహన అంతగా ఎప్పుడూ పెరగలేదు. ఫలితం ఏమిటంటే ఉద్యోగాల్లోంచి తీసేయడం, అద్దె ఇళ్లు దొరక్కపోవడం, పిల్లల్ని బడికి రానివ్వకపోవడం. న్యూయార్క్ 1896లో బహిరంగంగా ఉమ్మడాన్ని నిషేధించింది. 1907లో అమెరికా వలస చట్టం టీబీ ఉన్నవాళ్లకి తలుపులు మూసింది. ఉమ్మొద్దనడం మంచిదే. కానీ ఆ నిబంధనలన్నీ పేద మనిషినీ, వలస వచ్చినవాడినీ ముందుగా పట్టుకున్నాయి. డబ్బున్న రోగికి స్విట్జర్లాండ్‌లో దావోస్ కొండల మీద శానటోరియం అనే క్షయ ఆస్పత్రి, ఎండలో పడక కుర్చీ ఉండేవి.

రోగిని దూరం పెట్టడం సమాజం మాత్రమే చేసిన పని కాదు. టీబీని అదుపు చేయడానికి పూనుకున్న వ్యవస్థలే చాలాచోట్ల భయపెట్టాయి. కెనడా ఉత్తర ప్రాంతపు ఆదివాసులైన ఇన్యూట్ల కథ తెలిశాక, దాచుకోవడాన్ని అజ్ఞానం అనడానికి నాకు నోరు రావడం లేదు.

1950 నుంచి దాదాపు ఇరవై ఏళ్లపాటు 'సి.డి. హావ్' అనే ప్రభుత్వ నౌక ఏటా ఆర్కిటిక్ తీరంలో ఒక్కో ఇన్యూట్ గ్రామం దగ్గర ఆగేది. నౌకలో డాక్టరు, ఎక్స్‌రే యంత్రం ఉండేవి. ఊళ్లో వాళ్లందరినీ నౌక ఎక్కించి ఫిల్ములు తీసేవారు. ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించినవాళ్లని చాలాసార్లు మళ్లీ ఒడ్డుకు దిగనిచ్చేవారు కాదు. ఇంటికెళ్లి పిల్లల్ని ఎవరికి అప్పజెప్పాలో చెప్పి రావడానికి, బట్టలు తెచ్చుకోవడానికి, ఒక్క మాట చెప్పి రావడానికి కూడా వీల్లేదు. నౌక అలాగే దక్షిణానికి వెళ్లిపోయేది. అక్కడ నెలలు, కొందరికి ఏళ్లు, తమ భాష ఒక్కరికీ రాని శానటోరియంలో గడిచేవి. 1956లో ప్రతి ఏడుగురు ఇన్యూట్లలో ఒకరు దక్షిణాదిలో చికిత్సలో ఉన్నారు. చిన్నప్పుడు వెళ్లిన పిల్లలు తిరిగొచ్చేసరికి అమ్మానాన్నల భాష మర్చిపోయి ఉండేవారు. కొందరు తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో ఇంటికి కబురు కూడా రాలేదు. 2019 మార్చిలో కెనడా ప్రధాని ఇక్వాలుయిట్ వెళ్లి క్షమాపణ చెప్పి, ఆ సమాధులు వెతుక్కోవడానికి కుటుంబాలకు సాయం చేసే పథకాన్ని ప్రకటించేదాకా ఆ ప్రశ్న అలాగే నిలిచింది.

నౌక వస్తోందంటే కొన్ని కుటుంబాలు తీరం వదిలి లోపలికి వెళ్లిపోయేవి. వాళ్లకి లేని అవగాహన ఏమిటి? ఎక్స్‌రే తీయించుకుంటే ఏం జరుగుతుందో వాళ్లకి స్పష్టంగా తెలుసు. అది తీసినవాళ్ల ఉద్దేశం మంచిదే. చాలామంది ప్రాణాలు దక్కాయి కూడా. కానీ ఆ మంచి ఉద్దేశం ఒక తల్లిని ఆ మధ్యాహ్నం పిల్లల నుంచి విడదీసిందన్నది మూడు తరాలు గుర్తుపెట్టుకున్నాయి. ఇప్పటికీ ఆ ప్రాంతంలో టీబీ పరీక్ష అంటే పెద్దవాళ్లు జంకడం వెనక ఆ నౌక ఉంది.

విచిత్రమేమిటంటే, అలా ఎత్తుకెళ్లాల్సిన అవసరం లేదని అదే దశాబ్దంలో మరోచోట తేలిపోయింది. 1956లో మద్రాసులో టీబీకి మందుల చికిత్సని పరీక్షించే 'టీబీ కీమోథెరపీ సెంటర్' మొదలైంది. నిరుపేద ఇరుకు ఇళ్లలో ఉండే రోగుల్లో సగం మందిని శానటోరియంలో పెట్టి, సగం మందికి ఇంట్లోనే ఉంచి మందులిచ్చారు. శానటోరియంలో మంచం, విశ్రాంతి, మంచి తిండి. ఇంట్లో అవేమీ లేవు. 1959లో ఫలితాలు వచ్చేసరికి రెండు గుంపులకీ దాదాపు ఒకేలా నయమైంది. ఇంట్లో ఉన్న రోగుల వల్ల కుటుంబంలో వాళ్లకి అదనంగా జబ్బు అంటుకోలేదు కూడా. మెల్లమెల్లగా ప్రపంచమంతా శానటోరియంలు మూతపడ్డాయి. ఈ జబ్బు చరిత్రలో అతి పెద్ద సామాజిక సంస్కరణ ఏదంటే నేను దీన్నే చూపిస్తాను. ఏ నినాదమూ చేయలేని పని అది. జబ్బు బయటపడినా ఇల్లు వదలక్కర్లేదు.

ఇల్లు వదలక్కర్లేదు సరే, ఇంటికి పంపిన రోగి మాత్ర మింగుతున్నాడో లేదో ఎలా తెలుస్తుంది? ఆ అనుమానం కూడా మద్రాసు రోజుల్లోనే మొదలైంది. దానికి దొరికిన జవాబు పెరిగి పెరిగి, ఎదురుగా కూర్చుని మింగించే పద్ధతి అయింది. 1993లో ప్రపంచ ఆరోగ్య సంస్థ టీబీని ప్రపంచ అత్యవసర స్థితిగా ప్రకటించింది. ఆ తర్వాత రెండేళ్లలోనే ఈ పద్ధతి 'డాట్స్' అనే పేరుతో ప్రపంచమంతా వెళ్లింది. డాట్స్ అంటే మింగించడం ఒక్కటే కాదు. మందులు నిరంతరాయంగా అందడం, కళ్లె పరీక్ష, రికార్డులు అన్నీ అందులో ఉన్నాయి. వాటివల్ల జరిగిన మేలు కొట్టేయలేనిది. కానీ జనానికి గుర్తుండిపోయింది మాత్రం ఎదురుగా మింగించడమే.

మింగించేది పక్కింటి పెద్దావిడో, రోగి తనకు తానుగా ఎంచుకున్న స్నేహితుడో అయితే అది ఆసరా. అదే పని క్లినిక్కులో, సరిగ్గా డ్యూటీ టైములో, అందరికీ తెలిసిన గుమ్మం ముందు వరుసలో నిలబడి చేయాలంటే రోజూ చాటింపు వేసుకోవడంతో సమానం. జబ్బు దాచాలనుకున్నవాడికి మందు మానేయడం తప్ప దారి మిగలదు. ఎదురుగా మింగించినందువల్ల, సొంతంగా మింగేవాళ్ల కంటే ఎక్కువమందికి నయమవుతుందని రుజువు కాలేదని, వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి బేరీజు వేసే కొక్రేన్ సంస్థ సమీక్ష 2015లో తేల్చింది. ఇప్పుడు వీడియో, తెరిస్తే కబురు పంపే మాత్రల డబ్బా వచ్చాయి. తిరగడం తప్పింది కాబట్టి నేను వాటికి సంతోషిస్తాను. కాపలా మాత్రం కాపలానే.

ఇక నా వాదనకి గట్టి ఆధారం హైతీలో ఉంది. 1980ల చివర్లో కాన్జ్ అనే పల్లె ప్రాంతంలో పాల్ ఫార్మర్ అనే అమెరికన్ డాక్టరు, ఆయన సహచరులు టీబీ రోగులకు ఉచితంగా మందులు ఇస్తున్నారు. అయినా కొందరు చనిపోతున్నారు. ఎందుకన్నదాని మీద సిబ్బందిలోనే రెండు అభిప్రాయాలు. పల్లె జనం ఈ జబ్బు చేతబడి వల్ల వస్తుందని నమ్ముతారు, అందుకే మందు సరిగ్గా వాడరు అని కొందరు. అదేం కాదు, తిండి లేక అని ఇంకొందరు. తేల్చుకుందామని రోగుల్ని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి మందులు మాత్రమే. రెండో గుంపుకి మందులతోపాటు పోషకాహారం, కొంత నగదు, ప్రయాణ ఖర్చులు, ఇంటికి వచ్చి పలకరించే ఆరోగ్య కార్యకర్త. మందులు మాత్రమే ఇచ్చిన గుంపులో దాదాపు సగం మందికే నయమైంది. రెండో గుంపులో అందరికీ నయమైంది.

వాళ్లు నమ్మకాల గురించి కూడా అడిగారు. చేతబడిని నమ్మినవాళ్లకీ నమ్మనివాళ్లకీ మందు వాడకంలో తేడా కనిపించలేదు. రెండో గుంపులో చేతబడి అనుకుంటూనే మాత్రలన్నీ బుద్ధిగా మింగి బాగుపడినవాళ్లు ఉన్నారు. మనిషి బుర్రలో ఒకేసారి రెండు లెక్కలు నడుస్తాయి, అందులో వింతేముంది? "సంస్కృతి అడ్డొస్తోంది" అనే మాట అప్పటిదాకా ఎంత తేలిగ్గా వాడారో, ఇప్పటికీ ఎంత తేలిగ్గా వాడుతున్నారో చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. రోగి రాకపోతే అతని నమ్మకాల మీదికి నెట్టడం చవక. బస్సు ఖర్చులివ్వడం చవక కాదు.

ఇంగ్లాండులో కేంబ్రిడ్జి దగ్గర పాప్‌వర్త్ అనే ఊరు ఇంకో రకంగా ఇదే చెప్తుంది. 1918 నుంచి పెండ్రిల్ వారియర్-జోన్స్ అనే డాక్టరు అక్కడ టీబీ రోగుల కోసమే ఒక గ్రామం నడిపాడు. ఇంకా మందులు పుట్టని కాలం. రోగులు కుటుంబాలతో సహా ఉండడానికి గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు, వడ్రంగం, తోలు సంచుల తయారీ లాంటి పనులు, వాళ్ల ఓపికను బట్టి పనిగంటలు, దానికి తగ్గ జీతం. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి, ఇంట్లోనే టీబీ ఉన్న మనిషి ఉన్నా, జబ్బు దాదాపు రాలేదు. తిండి, ఇల్లు బాగుండటం ముఖ్య కారణమని ఇప్పటి పరిశోధకులు అంటారు. నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. ఆ ఊళ్లో దగ్గితే ఉద్యోగం పోదు. దాచుకోవడానికి కారణమే లేదు.

తిండి సంగతి మన కాలంలో ఇంకా తేటగా రుజువైంది. జార్ఖండ్‌లో 'రేషన్స్' అనే పరిశోధన చేశారు, 2023లో ఫలితాలు వచ్చాయి. రోగుల ఇళ్లలో ఉన్న 10,345 మందిని గమనించారు. కుటుంబానికంతటికీ నెలనెలా ఆహారం అందించిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం 39 శాతం తగ్గింది. బ్రెజిల్‌లో పేద కుటుంబాలకి నెలనెలా నగదు ఇచ్చే పథకం టీబీ కోసం పెట్టింది కానే కాదు. కానీ కోట్లమంది రికార్డులు పరిశీలిస్తే ఆ డబ్బు అందిన నిరుపేదల్లో టీబీ, టీబీ చావులూ బాగా తగ్గినట్టు తేలింది. టీకా కనిపెట్టినంత సంబరం చేసుకోవాల్సిన వార్తలివి. పత్రికల్లో మూలన పడ్డాయి.

ఇక్కడ ఒక విసుగు వెళ్లగక్కాలి. తిండి కిట్లు ఇస్తున్నారని సంతోషించేలోపే ఫోటో వస్తుంది. వెనక బ్యానరు, మధ్యలో దాతలు, చేతిలో కిట్టుతో రోగి, బ్యానరు మీద పెద్ద అక్షరాల్లో టీబీ అని. ఆ సాయం తీసుకోవాలంటే దాచిందంతా ఊరందరికీ చూపించాలి. ఆ రోగి మరుసటి నెల రాకపోతే మళ్లీ అవగాహన లేదని రాస్తారు.

ప్రముఖులు ముందుకొచ్చి మాట్లాడితే సిగ్గు పోతుందన్న వాదన కూడా ఉంది. నెల్సన్ మండేలాకి 1988లో జైల్లో ఉండగా టీబీ వచ్చింది. తర్వాత ఆయన దాని గురించి బహిరంగంగా మాట్లాడాడు. అది గొప్ప పని. కానీ అప్పటికి ఆయన జబ్బు నయమై ఏళ్లయింది, ఆయన గౌరవాన్ని ఏ వార్తా తగ్గించలేదు. రోజుకూలీకి వెళ్లే మనిషి ఈ వారమే బయటపడాలి, దగ్గు ఇంకా ఉండగానే, అద్దె కట్టాల్సిన రోజు దగ్గరపడుతుండగానే. ఆ మనిషికి మండేలా ధైర్యం అరువిచ్చి లాభం లేదు.

దీని మీద నాకు ఎదురయ్యే అభ్యంతరం ఒకటుంది, అది బలమైనదే. దాచుకోవడం అతని హక్కు సరే, అతని పక్కన కూర్చుని పనిచేసేవాడి సంగతేమిటి? పక్కవాడికి గాలి పీల్చుకోకుండా ఉండే వీలు లేదు కదా. నిజమే. అయితే జబ్బు ఎప్పుడు పాకుతోందో చూడండి. ఎక్కువగా అంటుకునేది మందు మొదలవడానికి ముందు. సరైన మందులు పడ్డాక కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లో చాలామందిలో అంటించే శక్తి బాగా పడిపోతుంది. కాబట్టి పక్కవాడికి ముప్పు విటమిన్ల డబ్బాలో మాత్రలు దాచుకుని మింగేవాళ్ల నుంచి కాదు. పరీక్షకే వెళ్లనివాళ్ల నుంచి. పరీక్షకి వెళ్లనిది కూడా ఆ లెక్క వల్లే. ఫలితం చేతికొచ్చిన క్షణం నుంచి నష్టం మొదలవుతుందని తెలిస్తే, దగ్గు మందు తాగుతూ ఇంకో నెల నెట్టుకొస్తారు. పేర్లు బయటపెట్టి, బలవంతం చేసి కట్టడి చేద్దామంటే ఆ నెల మూడు నెలలవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2024లో 1.07 కోట్ల మందికి టీబీ వచ్చింది, 12.3 లక్షల మంది చనిపోయారు. కొత్తగా నమోదైనవాళ్లు 83 లక్షలు. టీబీ వచ్చినవాళ్లకీ నమోదైనవాళ్లకీ మధ్య తేడాగా ఉన్న 24 లక్షల మందిలో కొందరు నమోదు కాకుండా ఎక్కడో వైద్యం చేయించుకుంటున్నారు, మిగతావాళ్లు ఏ మందూ లేకుండా ఉన్నారు. ఇంటింటి సర్వేలు చేసిన దేశాల్లో ఎక్కువగా తప్పిపోయేది మగవాళ్లని తేలింది. ఆడవాళ్లు దాచుకుంటారన్నది మనందరికీ తెలిసిన కథ. అది నిజమే. కానీ పరీక్షకి ఒక పూట పోతే ఆ పూట కూలి పోతుందన్న మగవాడి కథ ఏ పోస్టరు మీదా లేదు.

కాబట్టి నేను అడిగేది చిన్నది కాదుగానీ, అర్థం కానిదీ కాదు. అంటించే రోజుల్లో జీతంతో కూడిన సెలవు. టీబీ కారణంగా ఉద్యోగంలోంచి తీయకుండా చట్టం. క్లినిక్కు పని వేళల తర్వాత కూడా తెరిచి ఉండటం. గుమ్మం మీద జబ్బు పేరు లేకపోవడం. ఇంటికొచ్చే కార్యకర్త బోర్డు కట్టిన జీపులో దిగకపోవడం. కోర్సులు ఇంకా పొట్టివి కావడం. ఈ చివరిది వైద్యుల పనిలా కనిపిస్తుంది కానీ దాచుకునే మనిషికి దీనంత పెద్ద ఉపకారం లేదు. మందులకు లొంగని టీబీకి ఒకప్పుడు ఏడాదిన్నర, రెండేళ్లు చికిత్స ఉండేది. నెలల తరబడి ఇంజెక్షన్లు, కొందరికి వాటివల్ల చెవుడు. 2022 నుంచి చాలామందికి ఆరు నెలల మాత్రలతో సరిపోతోంది. అంటే ఏడాదికి పైగా అబద్ధాలు చెప్పాల్సిన అవసరం తప్పింది.

టీబీ వల్ల ఏ కుటుంబమూ తన ఏడాది ఆదాయంలో ఐదోవంతుకు మించి పోగొట్టుకునే పరిస్థితి 2020 నాటికి ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకుంది. ఇప్పటికీ దాదాపు సగం కుటుంబాలు అంతకు మించి పోగొట్టుకుంటున్నాయి. అదే సమయంలో మామూలు టీబీకి చికిత్స విజయం 88 శాతం. ఈ రెండో అంకె ఎక్కడికెళ్లినా వినిపిస్తుంది. నేను చూసిన చికిత్స కార్డుల్లో బరువు రాసే గడి ఉంది, కళ్లె పరీక్ష ఫలితానికి గడి ఉంది, మింగిన మాత్రలకి నెలనెలా గడులున్నాయి, చివర్లో "నయమైంది" అని టిక్కు పెట్టే గడి ఉంది. చికిత్స మొదలుపెట్టిన రోజున ఉన్న ఉద్యోగం, ఉన్న ఇల్లు చివరి రోజుకి ఉన్నాయా అని అడిగే గడి ఒక్క కార్డులోనూ లేదు. వచ్చే ముద్రణలో అది చేరిస్తే, ఆ 88 పక్కన ఏ అంకె పడుతుందో చూడాలని ఉంది.